చిత్తు లెక్క దాచుకుంటే హద్దు దొరుకుతుంది

ఒక ఎకరం పొలం సరిగ్గా చదరంగా వుందనుకుందాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. వర్గమూలం కట్టి చూస్తే ఒక్కో భుజం పొడవు సుమారు 63.6 మీటర్లు వస్తుంది. ఇప్పుడు ఆ పొలానికి తూర్పు గట్టు 5 మీటర్లు లోపలికి జరిగిందనుకోండి. ఎంత నేల పోయినట్టు?

63.6 × 5 = 318 చదరపు మీటర్లు. సెంటుకు 40.47 చదరపు మీటర్లు గనుక ఇది దాదాపు 8 సెంట్లు! ఎకరం మాత్రమే వున్న రైతుకు ఇది దాదాపు పదమూడో వంతు ఆస్తి. అన్నదమ్ములు మాటలు మానుకునేదీ, ఇరుగు పొరుగు రైతులు కోర్టు మెట్లు ఎక్కేదీ చాలాసార్లు ఇంతకన్నా తక్కువ నేల కోసమే.

5 మీటర్లు అని ఊరికే అనలేదు. పైన ఏ అడ్డూ లేని ఆరుబయట నిలబడితే మామూలు ఫోను చూపించే స్థానంలో సుమారు 5 మీటర్ల దాకా తేడా వుండవచ్చు. జి.పి.ఎస్. ఉపగ్రహాలను నడిపే అమెరికా ప్రభుత్వమే 4.9 మీటర్లు అని చెబుతున్నది. బస్టాండు వెతుక్కోవడానికి ఇది చాలు. హద్దురాయి పాతడానికి మాత్రం చాలదు.

మరి చేతిలో పట్టే చిన్న రిసీవరుతో ఇంతకన్నా బాగా కొలవలేమా? కొలవవచ్చు. అందుకు ఖరీదైన కొత్త పరికరం కొనడం ఒక్కటే మార్గం కాదు. రిసీవరు పారేస్తున్న ఒక వస్తువును పారేయకుండా దాచుకోవాలి. అదేమిటో, దానితో ఏం చేస్తారో ఈ వ్యాసంలో చూద్దాం.

గొలుసు నుంచి ఉపగ్రహం దాకా

మన ఊళ్ళలో పొలాలు కొలిచేవారు చాలాకాలం ఇనుప గొలుసు వాడారు. ఇందులో ప్రసిద్ధమైన గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు. అందులో 100 లింకులు వుంటాయి. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర ఒక ఆధార రేఖను ఎంతో జాగ్రత్తగా కొలిచి, అక్కడి నుంచి త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకుంటూ దేశాన్ని కొలిచే మహా ప్రయత్నం మొదలుపెట్టాడు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజం మొత్తం తెలుస్తుందన్న మీ పాఠ్యపుస్తకంలోని సూత్రమే దానికి మూలం.

జి.పి.ఎస్. వరసలో మొదటి ఉపగ్రహాన్ని అమెరికా 1978 ఫిబ్రవరిలో ప్రయోగించింది. 1995లో ఆ వ్యవస్థ పూర్తిగా సిద్ధమైనట్టు ప్రకటించారు. తర్వాత రష్యా వారి గ్లోనాస్, ఐరోపా వారి గెలీలియో, చైనా వారి బైదూ కూడా ప్రపంచమంతటికీ అందుబాటులోకి వచ్చాయి. మన దేశం తనకూ తన చుట్టుపక్కలకూ సరిపోయేలా నావిక్ వ్యవస్థను నిర్మించుకుంది. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే బయలుదేరింది. 2023 మే నెలలో అక్కడినుంచే ఎగసిన ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహంలో మన శాస్త్రజ్ఞులు స్వయంగా తయారుచేసిన రుబీడియం పరమాణు గడియారం వుంది.

ఉపగ్రహంలో గడియారం ఎందుకంటారా? కొలత అంతా దాని మీదే ఆధారపడి వుంది.

దూరం ఎలా తెలుస్తుంది?

పిడుగు పడినప్పుడు మెరుపు కనబడిన ఎన్ని సెకన్లకు ఉరుము వినబడిందో లెక్కపెట్టి, అది ఎంత దూరంలో పడిందో చెప్పవచ్చునని మీకు తెలుసు. వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం. ఉపగ్రహం విషయంలోనూ అంతే. కాకపోతే ఇక్కడ ధ్వని బదులు రేడియో తరంగం ప్రయాణిస్తుంది. దాని వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు.

జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. సరిగ్గా నెత్తి మీద వున్న ఉపగ్రహం నుంచి సంకేతం మనను చేరడానికి సెకనులో వెయ్యింట 67 వంతులు పడుతుంది. అంత స్వల్పకాలాన్ని కొలవడానికి ఒక చక్కని ఉపాయం వుంది. ప్రతి ఉపగ్రహమూ 1,023 గుర్తులున్న ఒక వరసను సెకనులో వెయ్యోవంతుకు ఒకసారి చొప్పున పంపుతూ వుంటుంది. దీన్ని కోడ్ అంటారు. ఏ ఉపగ్రహం కోడ్ దానిదే. రిసీవరు కూడా లోపల అదే వరసను తయారుచేసుకుని, వచ్చిన వరసతో సరిపోయేదాకా జరుపుతుంది. ఎంత జరపవలసి వచ్చిందో అదే ఆలస్యం. ఆలస్యాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం.

ఇక్కడ ఒక చిక్కు వుంది. ఉపగ్రహంలో పరమాణు గడియారం వుంటుంది. మన చేతి రిసీవరులో వుండేది చేతి గడియారంలో వుండేలాంటి చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. అది సెకనులో పదిలక్షల వంతు తప్పినా దూరంలో 300 మీటర్ల తప్పు వస్తుంది. అందుకని రిసీవరు తన గడియారం తప్పును కూడా ఒక తెలియని రాశిగానే తీసుకుంటుంది. స్థానానికి మూడు, గడియారానికి ఒకటి, మొత్తం నాలుగు తెలియని రాశులు. నాలుగు తెలియని రాశులకు నాలుగు సమీకరణాలు కావాలి కదా! అందుకే కనీసం నాలుగు ఉపగ్రహాలు కనబడాలి. మీరు తరగతిలో చేసే జంట సమీకరణాల లెక్కకు ఇది పెద్దన్న అనుకోండి.

తప్పు ఎక్కడెక్కడ చేరుతుంది?

సూత్రం ఇంత తేలికైతే 5 మీటర్ల తేడా ఎందుకు వస్తున్నది? సంకేతం దారి పొడవునా తప్పులు చేరడం వల్ల.

మొదటిది, ఉపగ్రహం తాను ఎక్కడ వున్నదో, తన గడియారం ఎంత తప్పిందో తానే ప్రసారం చేస్తుంది. ఇది ముందుగా వేసిన అంచనా. ఇందులో మీటరు అటూ ఇటూ తేడా వుంటుంది.

రెండవది, అయనావరణం. ఎత్తున సూర్యకిరణాలు గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడదీస్తాయి. ఆ పొరలో కోడ్ కొంత ఆలస్యమవుతుంది. ఈ ఆలస్యం వల్ల వచ్చే తప్పు కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల దాకా వుండవచ్చు. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఎక్కువగానూ, తెల్లవారుజామున తక్కువగానూ వుంటుంది. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస దగ్గరగా పోతుంది. 1963లో తొలి రాకెట్ల ప్రయోగానికి కేరళలోని తుంబాను ఎన్నుకోవడానికి కారణం అదే. ఆ రేఖకు ఇరువైపులా వుండే ప్రాంతాల మీద అయనావరణం చిక్కగా, అల్లకల్లోలంగా వుంటుంది. కాబట్టి ఈ బెడద మనకు ఐరోపా వారికన్నా ఎక్కువ.

మూడవది, మనం పీల్చే గాలి వుండే ట్రోపో ఆవరణం. నెత్తి మీది ఉపగ్రహానికి ఇది సుమారు 2.4 మీటర్ల అదనపు దూరం కలుపుతుంది. ఆకాశపు అంచున వున్న ఉపగ్రహానికి ఇంకా చాలా ఎక్కువ.

నాలుగవది, ప్రతిధ్వని వంటి దోషం. సంకేతం సూటిగా రావడమే కాక పక్కనున్న గోడకో రేకుల షెడ్డుకో తగిలి చుట్టుదారిన కూడా వస్తుంది. రెండూ కలిసి రిసీవరును తికమకపెడతాయి.

ఐదవది, రిసీవరు సొంత లోపం. కోడులో ఒక్కో గుర్తు పొడవు 293 మీటర్లు. అంత పొడవు గుర్తులో నూరో వంతు దాకా పోల్చినా మిగిలేది 3 మీటర్లు!

చిత్తు పుస్తకం అంటే ఇదే

పరీక్షలో ఒక విద్యార్థి లెక్క చేసి జవాబు మాత్రం రాసి, చిత్తు కాగితం చింపి పారేశాడనుకోండి. జవాబు తప్పు. ఎక్కడ తప్పాడో మాస్టారు చెప్పగలరా? చిత్తు కాగితం వుంటే ఏ మెట్టు దగ్గర కూడిక తప్పాడో చూసి సరిదిద్దవచ్చు.

చేతి రిసీవర్లు చేసే పని ఇదే. ప్రతి సెకనూ ఒక్కో ఉపగ్రహానికి దూరం కొలుస్తాయి. లెక్కకట్టి అక్షాంశం, రేఖాంశం తెర మీద చూపిస్తాయి. కొలిచిన దూరాలను మాత్రం మరచిపోతాయి. ఆ దూరాలే చిత్తు లెక్క. దీన్నే ముడి సమాచారం అంటారు. దాన్ని ఆ సమయానికి దాచుకుని, తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, మరింత మంచి వివరాలతో మళ్ళీ లెక్కించడమే ఈ పద్ధతిలోని అసలు సంగతి.

ఈ దాచుకోవడానికి అన్ని కంపెనీల రిసీవర్లకూ కుదిరే ఒకే రకం ‘నోటుపుస్తకం’ కావలసి వచ్చింది. 1989లో ఐరోపాలో జరిగిన ఒక పెద్ద కొలత కార్యక్రమంలో నాలుగు వేర్వేరు కంపెనీల రిసీవర్లు వాడారు. ఒకదాని రాత ఇంకొకదానికి తెలియదు. అప్పుడు స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన వెర్నర్ గుర్ట్నర్ ‘రైనెక్స్’ అనే ఉమ్మడి పద్ధతిని రూపొందించాడు. రైనెక్స్ ఫైలు మామూలు అక్షరాల ఫైలే. తెరిస్తే కళ్ళతో చదవవచ్చు. ఫలానా క్షణాన, ఫలానా నంబరు ఉపగ్రహానికి కోడ్ చెప్పిన దూరం ఇంత, తరంగం లెక్క ఇంత, సంకేతం బలం ఇంత అని వరుసగా వుంటుంది.

పాతకాలపు చేతి జి.పి.ఎస్. పరికరాలు ఈ చిత్తు లెక్కను బయటికి ఇచ్చేవి కావు. కొన్ని పరికరాలు తీగ ద్వారా లోలోపలి కొలతలను కూడా పంపుతాయని, కంపెనీ పుస్తకంలో మాత్రం ఆ సంగతి లేదని కొందరు కనిపెట్టారు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారు ‘గ్రింగో’ అనే ప్రోగ్రాము రాసి, చిన్న గార్మిన్ పరికరాల నుంచి ఆ కొలతలు రాబట్టి రైనెక్స్ ఫైలుగా మార్చి చూపించారు. దారి మనుషులకు మాత్రమే పనికివస్తుందనుకున్న పరికరం కొలతల పనికి కూడా పనికివచ్చింది.

2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఫోన్లు కూడా ముడి సమాచారాన్ని అధికారికంగానే ఇవ్వసాగాయి. అయితే అన్ని ఫోన్లూ అన్ని కొలతలూ ఇవ్వవు.

తెలిసిన రాయి చేసే సాయం

ఇప్పుడు అసలు ఉపాయానికి వద్దాం. మన రిసీవరు పొలంలో వుంది. నాలుగైదు కిలోమీటర్ల దూరంలో మరొక రిసీవరును, స్థానం ముందే కచ్చితంగా తెలిసిన ఒక స్తంభం మీద పెట్టాం. దీన్ని ఆధార కేంద్రం అందాం. రెండూ ఒకే సమయంలో అవే ఉపగ్రహాలను వింటున్నాయి.

ఆధార కేంద్రం స్థానం తెలుసు. ఉపగ్రహం స్థానం తెలుసు. కాబట్టి ఆ రెండింటి మధ్య వుండవలసిన దూరం కాగితం మీదే లెక్కకట్టవచ్చు. అది 2,14,50,310 మీటర్లు అనుకుందాం. గడియారం తప్పు తీసేసిన తర్వాత రిసీవరు కొలిచినది 2,14,50,322 మీటర్లు. అంటే తప్పు 12 మీటర్లు.

అదే క్షణాన పొలంలోని రిసీవరు అదే ఉపగ్రహానికి కొలిచిన దూరం 2,14,47,865 మీటర్లు. ఈ సంకేతం కూడా దాదాపు అదే దారిన, అదే అయనావరణం గుండా, అదే గాలి గుండా, అదే ఉపగ్రహపు గడియారం నుంచి వచ్చింది. కాబట్టి ఇందులోనూ సుమారు 12 మీటర్ల తప్పే వుండాలి. తీసేద్దాం. 2,14,47,853 మీటర్లు. ఇలా ప్రతి ఉపగ్రహానికీ దాని సవరణ దానికి చేసి, ఆ తర్వాత సమీకరణాలు సాధిస్తే స్థానం ఎంతో మెరుగుపడుతుంది.

కొట్లో తక్కెడ తప్పు తూస్తున్నదని అనుమానం వస్తే ఏం చేస్తారు? కిలో రాయిని తూచి చూస్తారు. 50 గ్రాములు ఎక్కువ చూపిస్తే, సరుకు తూకంలోనూ ఆ 50 గ్రాములు తగ్గించుకుంటారు. ఆధార కేంద్రం మనకు ఆ కిలో రాయి.

దీని శక్తి ఎంతటిదో చరిత్ర చెబుతుంది. 2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం రక్షణ కారణాలతో పౌరుల సంకేతంలో కావాలనే తప్పు కలిపేది. స్థానం 100 మీటర్ల దాకా తప్పేది. కానీ ఆధార కేంద్రానికి కూడా అదే తప్పు చేరేది కదా! రెండింటినీ తీసివేస్తే ఆ కల్తీ కూడా కొట్టుకుపోయేది.

ఆధార కేంద్రం దగ్గరగా వుండాలన్నది ముఖ్యమైన షరతు. పది, పదిహేను కిలోమీటర్ల లోపు అయితే రెండు సంకేతాల దారులూ దాదాపు ఒకటే. దూరం పెరిగేకొద్దీ ఇక్కడి అయనావరణం వేరు, అక్కడిది వేరు. తీసివేత పూర్తిగా కలవదు.

టైంటేబులు వేరు, డిపో రిజిస్టరు వేరు

బస్సు ఎప్పుడు వస్తుందని అడిగితే టైంటేబులు చూసి ‘ఎనిమిదింటికి’ అంటారు. నిన్న ఎప్పుడు వచ్చిందని అడిగితే డిపో రిజిస్టరు చూసి ‘ఎనిమిది గంటల పదమూడు నిమిషాలకు’ అంటారు. మొదటిది అంచనా. రెండవది జరిగిన సంగతి.

ఉపగ్రహం ప్రసారం చేసే తన కక్ష్య వివరం టైంటేబులు వంటిది. ప్రపంచమంతటా స్థిరంగా అమర్చిన రిసీవర్లు ఆ ఉపగ్రహాన్ని రాత్రింబవళ్ళు గమనిస్తూ వుంటాయి. అవన్నీ కలిపి లెక్కిస్తే అది నిజంగా ఏ దారిన పోయిందో తర్వాత తెలుస్తుంది. 1994 నుంచి పనిచేస్తున్న ఐ.జి.ఎస్. అనే అంతర్జాతీయ సంస్థ ఈ ‘రిజిస్టరు’ను అందరికీ ఉచితంగా ఇస్తున్నది. ప్రసారంలోని అంచనాలో మీటరు తేడా వుంటే, సుమారు రెండు వారాల తర్వాత వచ్చే చివరి లెక్కలో తేడా రెండు, మూడు సెంటీమీటర్లే!

తీరిగ్గా లెక్కించడంలోని లాభం ఇది. దారి వెతుక్కునేవాడికి జవాబు ఇప్పుడే కావాలి. హద్దురాయి రెండు వారాలు ఆగగలదు.

అంకెలు చెరిగిపోయిన టేపు

ఇంతవరకు చేసిన సవరణలతో చేతి రిసీవరు మీటరు, రెండు మీటర్ల దాకా వస్తుంది. ఇంకా దిగాలంటే కోడును వదిలి, దాన్ని మోసుకొచ్చే వాహక తరంగాన్నే కొలబద్దగా పట్టుకోవాలి.

జి.పి.ఎస్. మొదటి వాహక తరంగం పౌనఃపున్యం 1575.42 మెగాహెర్ట్జ్. దాని తరంగదైర్ఘ్యం 19 సెంటీమీటర్లు. ఒక తరంగంలో నూరో వంతును పోల్చగలిగితే 2 మిల్లీమీటర్లు కొలిచినట్టే! 293 మీటర్ల గుర్తుకూ 19 సెంటీమీటర్ల తరంగానికీ ఎంత తేడా వుందో చూడండి.

అయితే ఇక్కడొక చిక్కు. కోడులో ఏ గుర్తు ఎన్నోదో తెలుస్తుంది. తరంగాలన్నీ మాత్రం ఒకే రకంగా వుంటాయి. దర్జీ టేపు మీద సన్నగీతలు చక్కగా వుండి అంకెలన్నీ చెరిగిపోతే ఎలా వుంటుంది? చివరి ముక్క ఎంతో మిల్లీమీటరుతో సహా చెప్పవచ్చు. దానికి ముందు ఎన్ని గీతలు గడిచాయో మాత్రం తెలియదు. ఉపగ్రహానికీ మనకూ మధ్య పట్టే తరంగాలు పది కోట్లకు పైమాటే. అందులో పూర్తి తరంగాలు ఎన్ని? ఆ పూర్ణాంకం కనిపెట్టాలి.

ఒక పొడుపు లెక్క చూడండి. ఒక సంఖ్యను 5తో భాగిస్తే శేషం 3. అదే సంఖ్యను 7తో భాగిస్తే శేషం 2. సంఖ్య ఎంత? 23, 58, 93... ఇలా చాలా జవాబులు వస్తాయి. కానీ ‘ఆ సంఖ్య 20కీ 30కీ మధ్య వుంది’ అని చెబితే? 23 ఒక్కటే!

తరంగం మనకిచ్చేది శేషం. కోడ్ మనకిచ్చేది ‘20కీ 30కీ మధ్య’ అన్న మోటు సమాచారం. 5, 7 వంటివి రెండు వేర్వేరు తరంగదైర్ఘ్యాలు. ఒకే పౌనఃపున్యం అందుకునే రిసీవరుకన్నా రెండు అందుకునే రిసీవరు ఈ పూర్ణాంకాన్ని త్వరగా పట్టుకోవడానికి కారణం ఇదే. పైగా అయనావరణం ఆలస్యం పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది గనుక, రెంటినీ పోల్చి ఆ ఆలస్యాన్నీ లెక్కకట్టవచ్చు. 2018లో షావోమీ మి 8 అనే ఫోను రెండు పౌనఃపున్యాలు అందుకునే మొదటి ఫోనుగా బజారులోకి వచ్చింది.

శేషాల నుంచి సంఖ్యను కనిపెట్టే ఈ లెక్కలు మనకు కొత్తవి కావు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు ‘కుట్టకం’ అనే పద్ధతిని ఇందుకే చెప్పాడు. ఉపగ్రహాల పూర్ణాంకాల కోసం నేడు ఎక్కువగా వాడే పద్ధతి పేరు ‘లాంబ్డా’. నెదర్లాండ్స్ దేశంలోని డెల్ఫ్ట్‌లో పీటర్ టెయునిసెన్ 1993లో దాన్ని ప్రతిపాదించాడు. కొలతల్లో చిన్న చిన్న తప్పులు వుంటాయి గనుక ఇక్కడ సరిగ్గా సరిపోయే సంఖ్యను కాక, అన్నిటికన్నా బాగా సరిపోయే సంఖ్యల గుంపును వెతకాలి.

ఒకే పౌనఃపున్యం వున్నా ఓపిక వుంటే మరో మార్గం వుంది. ఉపగ్రహం సెకనుకు దాదాపు 3.9 కిలోమీటర్ల వేగంతో పోతూ వుంటుంది. రిసీవరును కదపకుండా అరగంట వుంచితే ఆకాశంలో ఉపగ్రహాల అమరిక మారుతుంది. తప్పు పూర్ణాంకం ఎన్నుకుంటే మొదటి నిమిషంలో కుదిరిన లెక్క ముప్పయ్యో నిమిషంలో కుదరదు. సరైన పూర్ణాంకమే చివరిదాకా నిలబడుతుంది. అబద్ధం ఎక్కువ సేపు నిలవదన్నట్టు!

ఇన్ని లెక్కలు చేత్తో చేయనక్కరలేదు. జపానులోని టోక్యో సముద్ర విజ్ఞాన, సాంకేతిక విశ్వవిద్యాలయంలో టొమోజి టకాసు తయారుచేసిన ‘ఆర్.టి.కె.లిబ్’ వంటి ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. పొలంలోని ఫైలు, ఆధార కేంద్రం ఫైలు, కక్ష్యల ఫైలు ఇస్తే చాలు.

దీన్ని ఎంతవరకు నమ్మాలి?

తీరిగ్గా చేసే లెక్క మంత్రదండం కాదు. రెండు చోట్లా ఒకే రకంగా వున్న తప్పులను మాత్రమే అది తీసేస్తుంది. పొలం పక్కనున్న రేకుల షెడ్డు నుంచి వచ్చే ప్రతిధ్వని ఆధార కేంద్రానికి రాదు. కాబట్టి అది అలాగే మిగులుతుంది. చింతచెట్టు కింద పెట్టిన రిసీవరుకు సంకేతం తెగుతూ వస్తుంది. తెగినప్పుడల్లా పూర్ణాంకాన్ని మళ్ళీ మొదటినుంచి వెతకాలి. ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం మధ్యమధ్య రిసీవరును ఆపుతూ వుంటాయి. అప్పుడూ ఇదే చిక్కు. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి దాన్ని ఆపకుండా వుంచే అమరిక ఇచ్చారు. ఫోనులోని చిన్న యాంటెనా సర్వేవారి గుండ్రని యాంటెనాకు సాటిరాదు.

అందుచేత సర్వే రిసీవరు ఈ పద్ధతిలో సెంటీమీటరు, అంతకన్నా తక్కువ తేడాతో చెబితే, ఫోను అన్నీ అనుకూలిస్తేనే సెంటీమీటర్లలోకి దిగుతుంది. చాలాసార్లు మీటరు లోపు వస్తుంది. అదైనా 5 మీటర్ల నుంచి పెద్ద మెట్టే.

తెరమీద దశాంశాల తర్వాత ఏడు అంకెలు కనబడితే మురిసిపోకండి. అక్షాంశంలో ఐదో దశాంశ స్థానం సుమారు 1.1 మీటర్లకు సమానం. ఏడోది సెంటీమీటరు. అంకెలు ఎక్కువ రాసినంత మాత్రాన కొలత సరైనది కాదు.

చివరి మాట. చట్టం దృష్టిలో హద్దును నిర్ణయించేది అధికారం వున్న సర్వేయరు. మన ఫోను కాదు. కానీ ఆ సర్వేయరు ఏం కొలుస్తున్నాడో, అతని కొలతలో ఎంత తేడా రాగలదో తెలిసిన రైతును మోసం చేయడం కష్టం.

మన చుట్టూ

భారత సర్వే శాఖ దేశమంతటా వెయ్యికి పైగా స్థిర ఆధార కేంద్రాలను నెలకొల్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ఇటువంటి స్థిర కేంద్రాల సాయంతోనే కొలతలు తీశారు. ఐ.జి.ఎస్. కేంద్రాల జాబితాలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కూడా చేరాయి.

ఆ హైదరాబాదు కేంద్రం ఒక వింత చెబుతుంది. అది స్థిరమైన స్తంభం అన్నాం కదా! నిజానికి దేశం మొత్తంతోపాటు అదీ ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్య దిశగా జరుగుతున్నది. ఖండ ఫలకాల కదలిక అది. అందుకే ఇంత సూక్ష్మంగా కొలిచేటప్పుడు స్థానంతోపాటు తేదీ కూడా రాసుకోవాలి. మన పొలమూ, పక్కవారి పొలమూ, మధ్యనున్న హద్దురాయీ మూడూ కలిసే ప్రయాణిస్తున్నాయి గనుక, దీని గురించి తగాదా అవసరం లేదు!

మీరే చేసి చూడండి

1. బడి ఆటస్థలం మధ్య ఒక బల్ల మీద ఫోను కదలకుండా వుంచండి. పది నిమిషాలకొకసారి గంటసేపు అక్షాంశ, రేఖాంశాలను ఐదు దశాంశాల వరకు రాసుకోండి. గ్రాఫు కాగితం మీద గుర్తించండి. మన ప్రాంతంలో అక్షాంశంలో 0.00001 డిగ్రీ అంటే 1.1 మీటర్లు, రేఖాంశంలో సుమారు 1.06 మీటర్లు. కదలని ఫోను ఎన్ని మీటర్లు ‘తిరిగింది’?

2. ఇదే ప్రయోగం చెట్టు కింద, గోడ పక్కన చేసి మూడు గ్రాఫులనూ పోల్చండి. తేడాకు కారణం ఏమిటి?

3. ఒక సంఖ్యను 5తో భాగిస్తే శేషం 1, 8తో భాగిస్తే శేషం 3. ఆ సంఖ్య 40కీ 60కీ మధ్య వుంది. ఎంత?

4. మొదట చెప్పిన చదరపు ఎకరంలో హద్దు 5 మీటర్లకు బదులు 2 సెంటీమీటర్లు తప్పితే ఎంత నేల తేడా వస్తుంది?

(జవాబులు: 3. 51, 4. సుమారు 1.27 చదరపు మీటర్లు, అంటే సెంటులో ముప్పయ్యో వంతు.)